మైనస్ ఇరవైలో వెల్డింగుకి ఒక బండి: సిమిలిగుడ షెడ్డు డైరీ

ఆగస్టు 11

రాత్రి పది దాటాక తమ్ముడు ఫోన్ చేశాడు. మా పిన్ని కొడుకు. నాలుగేళ్ళుగా లద్దాఖ్‌లో ద్రాస్ వైపు వెల్డింగు పనులు చేస్తున్నాడు. మంచు తీసే డోజర్ల బ్లేడ్లు, ఎక్స్‌కవేటర్ బకెట్లు, షెడ్ల స్తంభాలు, ఏది విరిగితే అది. "అన్నయ్యా, ఈ చలికాలం పని గట్టిగా ఉంది. ఇక్కడ అద్దె మెషీన్లు పొద్దున్న పదకొండైనా స్టార్ట్ కావు. స్టార్టయినా కేబుళ్ళు వంగవు. మన పాత టాటా 407 లారీ మీద ఒక వెల్డింగు బండి కట్టి పంపుతావా?" అన్నాడు. జోజిలా దారి మంచుకి మూసుకుపోకముందే, అంటే నవంబరు మొదటి పక్షంలోగా, బండి కొండ దాటాలి. చేతిలో పన్నెండు వారాలున్నాయి. ఒప్పుకున్నాను.

చలిలో వెల్డింగు అనగానే అందరూ ఇంజను గురించే అడుగుతారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది పొట్టంగి పైన ఒక ఊళ్ళో మేం వేసిన నీళ్ళ ట్యాంకు స్టాండు. మాది కోరాపుట్ జిల్లా. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి, 1,672 మీటర్లు, మా జిల్లాలోనే ఉంది. డిసెంబరు, జనవరుల్లో పొట్టంగి వైపు గడ్డి మీద మంచు గడ్డకట్టి తెల్లగా కనిపించే పొద్దులుంటాయి. అలాంటి ఒక పొద్దున్నే 25 మిల్లీమీటర్ల బేస్ ప్లేట్లకు వెల్డింగు పెట్టాం. వెల్డింగు రాడ్ల ప్యాకెట్టు ముందురోజు సాయంత్రమే విప్పి ఉంది. రాత్రంతా పొగమంచులో అలాగే వదిలేశాం. బీడ్, అంటే అతుకు గీత, చూస్తే నున్నగా, అందంగా వచ్చింది. రెండో రోజు సాయంత్రం ఆ ఊరి పెద్దాయన ఫోన్ చేసి, "బాబూ, అతుకు పక్కన వెంట్రుకలాంటి గీత కనిపిస్తోంది" అన్నాడు. వెళ్ళి గోటితో తడిమితే గోరు పట్టింది. పగులు.

చల్లటి మందపాటి ప్లేటు వెల్డు వేడిని ఒక్కసారిగా లాగేస్తుంది. ఆ అంచు గాజులా పెళుసవుతుంది. రాడ్డు పూతలో పట్టిన తేమ నుంచి హైడ్రోజన్ లోపలికి పోయి, ఒకటి రెండు రోజులు ఆగి మరీ చీలుస్తుంది. అందుకే వెల్డు పెట్టిన సాయంత్రం ఏమీ కనిపించదు. మొత్తం గ్రైండ్ చేసి, వేడిచేసి మళ్ళీ వేశాం. ఆ స్టాండు మీద నీళ్ళు నిండాక కూలి ఉంటే కింద ఎవరుండేవారో అనుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

కాబట్టి ఈ బండి విషయంలో నా లెక్క ఒకటే. ఇంజను స్టార్ట్ కాకపోతే అందరికీ తెలుస్తుంది, పని ఆగుతుంది, అంతే. వెల్డు చలికి పాడైతే ఎవరికీ తెలియదు. ఇంజను కోసం ఎంత ఖర్చు పెడతానో, ప్లేటు వేడికీ రాడ్డు తడవకుండా ఉంచడానికీ అంతే పెడతాను.

ఆగస్టు 24

బండిని సుంకి ఘాటు దించి సాలూరు తీసుకెళ్ళాం. లారీ బాడీ పనికి మా వైపు సాలూరే. వెనక పెట్టెలా మూసిన బాడీ కావాలని చెప్పాను. రెండు పొరల రేకు, మధ్యలో చలి ఆపే రాక్‌వూల్ దూది. లోపల మూడు గదులు: ముందు డీజిల్ వెల్డింగ్ సెట్టు, మధ్యలో రాడ్లు కాల్చే ఓవెన్, కేబుళ్ళు, పనిముట్లు, వెనక అన్ని వైపులా జాలీ ఉన్న సిలిండర్ల గది. సిలిండర్ల గదికి మిగతా రెండింటితో చిన్న సందు కూడా ఉండకూడదన్నాను. మేస్త్రికి ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే గాలి ఆడకుండా మూసేస్తే వెచ్చగా ఉంటుంది కదా అని ఆయన ఆలోచన. గ్యాస్ లీకైతే బయటికి పోవాలి, వెచ్చదనం తర్వాత.

బరువులెత్తే చిన్న చేతి క్రేను ప్లేటు దగ్గర కూడా పట్టుబట్టాను. ఐ.ఎస్. 2062 స్టీల్లో గ్రేడు అంకె పక్కనుండే అక్షరం చాలామంది చూడరు. 'ఎ' అంటే దెబ్బ తట్టుకునే పరీక్ష లేదు. 'బి.ఆర్.' అంటే గది వేడి దగ్గర, 'బి0' అంటే సున్నా దగ్గర, 'సి' అంటే మైనస్ 20 దగ్గర పరీక్షించినది. మన ఊళ్ళలో 'ఎ'తో ఏళ్ళ తరబడి నడుస్తుంది. అక్కడ అదే ఇనుము సుత్తి దెబ్బకు పుటుక్కున విరగొచ్చు. 'సి' ప్లేటు కోసం విశాఖపట్నం దాకా మనిషిని పంపాను.

సెప్టెంబరు 3

ఇంజను పని. ఆయిల్ 15డబ్ల్యూ-40 తీసేసి సింథటిక్ 5డబ్ల్యూ-40 పోశాం. 'డబ్ల్యూ' ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత పల్చగా ఉంటుందో చెబుతుంది. 15 అయితే ఇంజను తిరిగే పరీక్ష మైనస్ 20 దగ్గర, 5 అయితే మైనస్ 30 దగ్గర. 407 ఇంజనుకీ, వెల్డింగ్ సెట్టు ఇంజనుకీ రెండింటికీ ఇదే.

కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం. ఈ పాళ్ళలో దాదాపు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. కూలెంటు ఎక్కువ పోస్తే ఇంకా మంచిదని మా కుర్రాడు మొత్తం డబ్బా వంచబోయాడు. ఆపాను. నీళ్ళు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. రెండూ కలిస్తేనే ఆ గుణం వస్తుంది.

ఎత్తు సంగతి కూడా తమ్ముడితో ముందే మాట్లాడాను. ద్రాస్ దాదాపు 3,280 మీటర్లు. టర్బో లేని ఇంజనుకి వెయ్యి మీటర్లకు ఇంచుమించు పది శాతం బలం తగ్గుతుంది. అంటే మా 400 యాంపుల సెట్టు అక్కడ 270, 280 ఇస్తే గొప్ప. 4 మిల్లీమీటర్ల రాడ్డుకి సరిపోతుంది. 5 మిల్లీమీటర్లది ఒత్తిడి చేయొద్దని రాసిచ్చాను.

సెప్టెంబరు 14, 15, 16

మూడు రోజులూ ఒకే పని, కానీ ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు ఎక్కువ నేర్పింది ఇదే.

సెప్టెంబరులో సిమిలిగుడలో మైనస్ ఇరవై ఎక్కడ దొరుకుతుంది? ఐస్‌క్రీం ఏజెన్సీ వాళ్ళ గోడౌన్లో వాడకుండా పడేసిన పొడుగాటి డీప్ ఫ్రీజరు ఉంది. వారానికి అద్దె మాట్లాడి షెడ్డుకి తెచ్చాం. ఒక రోజు ఖాళీగా నడిపితే థర్మామీటరు మైనస్ 21 చూపించింది. బండిలో పెట్టే ప్రతి వస్తువు ముక్కా అందులో రాత్రంతా ఉంచి పొద్దున్నే తీసి చూశాం.

డీజిల్: పెట్రోలు బంకులో మామూలుగా పట్టించిందే ఒక గాజు సీసాలో పోసి పెట్టాను. పొద్దున్న తీస్తే చలికాలంలో పేరుకున్న నెయ్యిలా ఉంది. సీసా తలకిందులు చేసినా జారలేదు. పుల్ల గుచ్చితే నిలబడింది. మన దగ్గర దొరికే డీజిల్‌లో మైనం ఉంటుంది. చలికి అది ముందు మబ్బులా విడిపోయి ఫిల్టరు కాగితాన్ని మూసేస్తుంది, తర్వాత మొత్తం పేరుకుంటుంది. బ్యాటరీ ఎంత బలంగా తిప్పినా లోపలికి చుక్క పోదు. దీనికి మందు లద్దాఖ్‌లోనే ఉంది. మైనస్ 33 దాకా పారే చలికాలపు డీజిల్‌ని ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అక్కడి కోసమే విడుదల చేసింది. కిరోసిన్ కలిపితే చాలంటారు కొందరు. కిరోసిన్‌లో జిగట తక్కువ, పంపు అరిగిపోతుంది. నేను కలపను.

ఆయిల్: రెండు సీసాలు పక్కపక్కన వంచాం. 15డబ్ల్యూ తీగపాకంలా సాగుతూ వచ్చింది. 5డబ్ల్యూ చలికాలపు ఆముదంలా నెమ్మదిగానే, కానీ ఆగకుండా వచ్చింది.

కేబులు: ఇది నన్ను బాధపెట్టింది. రబ్బరు కేబులని చెప్పి ఒక దుకాణంలో అరవై మీటర్లు అంటగట్టారు. మీటరు ముక్క ఫ్రీజరు నుంచి తీస్తే కర్రలా ఉంది. మోకాలికి ఆనించి వంచగానే టప్ మని పై పొర చీలి లోపలి రాగి కనిపించింది. అది పి.వి.సి. మంచులో తడి నేల మీద ఆ చీలిక మీద ఎవరైనా కాలు వేస్తే? తిరిగి ఇచ్చేసి, ఐ.ఎస్. 9857 ముద్ర ఉన్న హెచ్.ఓ.ఎఫ్.ఆర్. (వేడికి, నూనెకి, మంటకి తట్టుకునే) రబ్బరు కేబులు తెచ్చి దాని ముక్కనీ ఒక రాత్రి ఉంచాం. బిగుసుకుంది కానీ చుట్ట చుట్టగలిగాం. ఆక్సిజన్, గ్యాసు గొట్టాలనూ ఇలాగే చూసి, ఒక జత పక్కన పడేశాం.

బ్యాటరీ: పాత స్కూటర్ బ్యాటరీలు రెండు. ఒకటి పూర్తిగా చార్జి చేసినది, ఒకటి పూర్తిగా దిగిపోయినది. ప్లాస్టిక్ టబ్బులో పెట్టాను. పొద్దున్నకి చార్జి ఉన్నది మామూలుగా ఉంది. దిగిపోయినది పొట్ట ఉబ్బి మూలన చీలింది, లోపల అంతా మంచు. చార్జి దిగిన బ్యాటరీలో ఆమ్లం పల్చబడి దాదాపు నీరవుతుంది, మైనస్ ఎనిమిది, పది దగ్గరే గడ్డకడుతుంది. నిండుగా ఉన్నది మైనస్ 50 కిందికి పోయినా ఓర్చుకుంటుంది. ఆ చీలిన బ్యాటరీ ఫోటో తమ్ముడికి పంపి, ఒక్క రాత్రి కూడా చార్జి తక్కువగా వదలొద్దని చెప్పాను.

ఆటోమేటిక్ హెల్మెట్: కాగితం మీద మైనస్ 5 దాకానే అని ఉంది. నిజమే. ఫ్రీజరు నుంచి తీసి ఆర్కు ముందు పెడితే నల్లబడటానికి కంటికి తెలిసేంత ఆలస్యం. అంత ఆలస్యం రోజుకి రెండొందల సార్లయితే కళ్ళు ఏమవుతాయి? పాత పద్ధతి నల్ల అద్దం, 11 నంబరు, నాలుగు పెట్టెల్లో వేశాను.

సెప్టెంబరు 29

బ్లాక్ హీటరు, అంటే స్టార్ట్ చేసే ముందు ఇంజను దిమ్మని (బ్లాకుని) వెచ్చబెట్టేది, మొదటిసారి తప్పుగా పెట్టాను. వెయ్యి వాట్ల హీటరు, కూలెంటు గొట్టం మధ్యలో వచ్చేది. చేతికి అందుతుందని ఇంజను పై భాగంలో బిగించాం. పది నిమిషాలకు హీటరు దగ్గర బుడబుడ మరుగుతోంది, బ్లాకు కింద చెయ్యి పెడితే చల్లగా ఉంది. దీనికి పంపు లేదు. వేడి నీరు పైకి, చల్లటి నీరు కిందికి, ఆ నడకతోనే తిరగాలి. హీటరు అన్నిటికన్నా పైనుంటే వేడి అక్కడే చిక్కుకుంటుంది. విప్పి, బ్లాకు అడుగు కన్నా కిందకి దించి, గొట్టం పైకి వాలుగా నడిపి, గాలి తీశాం. నలభై నిమిషాలకు బ్లాకు అంతా చంటిపిల్ల ఒళ్ళులా వెచ్చబడింది.

దీనికి కరెంటు క్యాంపులో ఉంటే సరే, లేకపోతే 2 కె.వి.ఎ. చిన్న పెట్రోలు జనరేటరు, తాడు లాగి స్టార్ట్ చేసేది. అందులోనూ సింథటిక్ ఆయిలే. మైనస్ 18 దగ్గర బ్యాటరీ బలం సగానికి పడిపోతుంది. చిక్కబడ్డ ఇంజనుకేమో మామూలు కన్నా ఎక్కువ బలం కావాలి. రెండు వైపులా దెబ్బ కాబట్టి ముందు ఇంజనుని వెచ్చబెట్టి, తర్వాతే సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీకి థర్మోకోల్ పెట్టె, అడుగున చిన్న హీటింగ్ ప్యాడ్, పైన గాలి పోయే కన్నం. ఇంజను తొందరగా అందుకోవాలని కొట్టే ఈథర్ స్ప్రే డబ్బా మాత్రం బండిలో పెట్టలేదు. ఇంజను లోపల వేడిచేసే గ్లో ప్లగ్ వేడిగా ఉన్నప్పుడు అది కొడితే లోపలే పేలుతుంది. దొరికితే ఆత్రంలో కుర్రాళ్ళు కొడతారు.

అక్టోబరు 9

ఇక నా మనసుకు దగ్గరైన గది. ఓవెన్.

మనం వాడేది ఇ-7018, లో హైడ్రోజన్ రాడ్డు. చలి ఇనుముకి 7018-1 తెప్పించాను. దాని వెల్డు మైనస్ 46 దగ్గర కూడా దెబ్బ పరీక్ష నెగ్గాలి. మామూలు 7018కి ఆ పరీక్ష మైనస్ 30 దగ్గరే. కానీ రాడ్డు ఎంత మంచిదైనా తడిస్తే పొట్టంగి స్టాండే. అందుకని పెద్ద ఓవెన్ ఒకటి, ప్యాకెట్టు విప్పగానే కంపెనీ కాగితంలో చెప్పిన వేడిలో కాల్చడానికి. ఆ తర్వాత 120 డిగ్రీల పైన నిలవ. పని దగ్గరికి చిన్న చేతి ఓవెన్. హోల్డరుకి పెట్టే ముందు ఒక్కో రాడ్డు తీయాలి, పిడికెడు తీసి జేబులో పెట్టుకోకూడదు. ఓవెన్ నుంచి బయటికొచ్చిన రాడ్డుకి నాలుగు గంటలే ఆయుష్షు. మిగిలితే మళ్ళీ కాల్చాలి.

ప్లేటుకి వేడి: అమెరికన్ వెల్డింగ్ సొసైటీ డి1.1 కోడ్‌లో రెండు మాటలున్నాయి, రెండూ కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి తలుపు లోపల అంటించాను. ప్లేటు సున్నా కన్నా చల్లగా ఉంటే కనీసం 20 డిగ్రీలకు వేడిచేసి, వెల్డింగు అయ్యేదాకా ఆ వేడి నిలపాలి. జాయింటు చుట్టూ గాలి మైనస్ 20 కన్నా తక్కువుంటే వెల్డింగు చేయకూడదు. ఇందులో మెలిక ఉంది. ఆ మైనస్ 20 ఊరి వాతావరణానిది కాదు, జాయింటు పక్కనున్న గాలిది. చుట్టూ గుడారం వేసి లోపల వెచ్చబెడితే బయట ఎంతున్నా పని చేయొచ్చు. మందం పెరిగితే వేడీ పెరగాలి. మామూలు స్టీలు 38 మిల్లీమీటర్లు దాటితే 65 డిగ్రీలు, 65 మిల్లీమీటర్లు దాటితే 110. బకెట్ పళ్ళ అడాప్టర్ల లాంటి గట్టి ఇనుముకి ఇంకా ఎక్కువ, అది తయారీదారు కాగితం చూసే.

వేడి దేనితో? మన ఎల్.పి.జి.లో బ్యూటేన్ ఉంటుంది, అది సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. మిగిలిన ప్రొపేన్ ఒక్కటే వస్తుంటే మంట గుడ్డిదీపంలా అయిపోతుంది. అప్పుడు సిలిండరు అడుగున మంట పెట్టేవాళ్ళున్నారు. అది చావుని పిలవడమే. నేను మూడు సిలిండర్లు ఒకే గొట్టానికి కలిపాను. ఒక్కోదాని నుంచి తక్కువ లాగితే అంతగా చల్లబడదు. అసలు నమ్మకం మాత్రం సిరామిక్ హీటింగ్ ప్యాడ్ల మీద. వెల్డింగ్ సెట్టు కరెంటుతోనే నడుస్తాయి, 60 వోల్టుల దగ్గర ఒక్కోటి 2.7 కిలోవాట్లు. ముందు ప్యాడ్లు కట్టి వేడెక్కించి, తీసి, వెల్డింగు చేయాలి. మధ్యలో తగ్గితే టార్చి. వేడి కొలవడానికి టెంపరేచర్ చాక్, అనుకున్న వేడికి గీత కరిగేది, జాయింటు నుంచి 75 మిల్లీమీటర్ల దూరంలో గీయాలి. లేజర్ గన్ను మెరిసే ఇనుము మీద అబద్ధం చెబుతుంది. పనయ్యాక కప్పడానికి సిరామిక్ ఫైబర్ దుప్పట్లు ఆరు, నెమ్మదిగా చల్లారడానికి.

అక్టోబరు 20

గుడారం. బండి వెనక తలుపుకి తగిలించి నాలుగు వైపులా విప్పే చదరపు పైపు ఫ్రేము, నిప్పు అంటుకోని ఫైబర్‌గ్లాసు గుడ్డ. పైన జానెడు సందు వదిలాను. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కుట్టాం. ఆ గ్యాసుకి వాసన ఉండదు, నిద్రలా కమ్ముతుంది. ఇంజను పొగ గొట్టం గుడారానికి అవతలి వైపు తిప్పాను.

అక్టోబరు 27

తెల్లవారుజామున నాలుగుకి బండిని సుంకి పైకి తీసుకెళ్ళాం. 11 డిగ్రీలే. ద్రాస్‌తో పోలిక లేదు, కానీ చీకట్లో, గ్లౌజులతో, టార్చి లైటుతో అన్నీ విప్పి బిగించడం చూడాలనుకున్నాను. మందపాటి గ్లౌజుతో గ్యాసు రెగ్యులేటరు మర తిప్పలేకపోయాం. టీ-హ్యాండిల్ వెల్డు చేయించాను. ఎర్త్ క్లాంపు స్ప్రింగు గట్టిగా ఉంది, మర బిగించే రకం పెట్టాం. కుందులి సంతకి అల్లం బస్తాలతో పోతున్న ఆటోలవాళ్ళు ఆగి చూశారు. ఒకాయన ఫ్లాస్కులో టీ ఇచ్చాడు.

నవంబరు 3

బండి బయల్దేరింది. జగదల్‌పూర్, రాయ్‌పూర్ మీదుగా. డ్రైవరుకి ఒక కాగితం ఇచ్చాను. కార్గిల్‌కి చేరాక రెండు ట్యాంకుల్లో పాత డీజిల్ పూర్తిగా తీసి, ఫిల్టర్లు మార్చి, అక్కడి చలికాలపు డీజిల్ పోసి, రెండు ఇంజన్లూ అరగంట నడపాలి. ట్యాంకులో మార్చి, గొట్టాల్లో పాతది వదిలేస్తే ఆ రాత్రే పేరుకుంటుంది. జోజిలా పగలే దాటమని మరీ మరీ చెప్పాను. అమ్మ బండి ముందు కొబ్బరికాయ కొట్టింది.

డిసెంబరు 21

తమ్ముడి వాయిస్ మెసేజీ. పొద్దున్న ఏడుకి మైనస్ 19. చిన్న జనరేటరు తాడు నాలుగుసార్లు లాగితే అందుకుంది, గంటంపావు బ్లాక్ హీటరు, సెల్ఫ్ రెండోసారికి ఇంజను పట్టింది. వెనకాల ఇంజను చప్పుడు వినిపిస్తోంది. మూడుసార్లు విన్నాను.

ఆగిపోయింది ఒకటే, నేను ఊహించనిది. బాడీ తలుపు గొళ్ళెం. పగలు కరిగిన మంచు అందులోకి దిగి రాత్రి గడ్డకట్టింది. వేడి నీళ్ళు పోస్తే మళ్ళీ గడ్డకడుతుందని హెయిర్ డ్రయ్యరుతో తెరిచారట. గొళ్ళెం మీద రబ్బరు రేకు కప్పు వేసి, పల్చటి సిలికాన్ గ్రీజు పెట్టమన్నాను.

జనవరి 4

డోజరు బ్లేడు, 40 మిల్లీమీటర్ల ప్లేటు, జనవరి 1న వెల్డింగు. ప్యాడ్లు రెండు గంటలు, గుడారం లోపల గాలి 6 డిగ్రీలు, చాక్ గీత కరిగాకే మొదటి పాసు. మొత్తం దుప్పట్లు కప్పి రాత్రంతా వదిలారు. 48 గంటలు ఆగి డై టెస్ట్, అంటే రంగుతో పగుళ్ళు చూసే పరీక్ష, చేయమని చెప్పాను, వాడు 60 ఆగాడు. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి కొట్టి తీసిన ఫోటో ఈ సాయంత్రం వచ్చింది. వేళ్ళతో పెద్దది చేసి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. తెల్లగా ఉంది, ఎక్కడా ఎర్ర గీత లేదు. షెడ్డులో కుర్రాణ్ణి పిలిచి చూపించాను. "రెండో వైపు ఫోటో కూడా పంపు" అని తమ్ముడికి మెసేజీ పెట్టాను.